గంట పేరు చెప్పదు

దోనా పెర్పేతువాని నేను ఇప్పటికీ క్షమించలేదు. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటుంది మా ఆవిడ ఎఫ్రాసియా. పెట్టుకుంటాను. ఇదిగో పోతున్నా, అదిగో పోతున్నా అంటూ ఏళ్ళ తరబడి ఊరంతటినీ ఊరించిన ముసలావిడ, పాదిరీ వచ్చి చివరి తైలం రాసినప్పుడల్లా లేచి కూర్చుని మొక్కజొన్న రొట్టె అడిగిన మనిషి, పోవడానికి ఆ పొద్దుటి పూటే దొరికిందా? మధ్యాహ్నం దాకా ఆగితే ఆవిడ సొమ్మేం పోయేది?

మా ఊళ్ళో గంటలు మాట్లాడతాయి. ఇది గొప్ప కోసం చెప్పే మాట కాదు. మినాస్ కొండల్లో మా చిన్న ఊరికి చర్చిలు ఎక్కువ, పనులు తక్కువ. పూజ ఎవరు చేస్తారో, ఊరేగింపు ఎటు నుంచి వస్తుందో, ఎవరింట్లో కాన్పు కష్టమవుతోందో అన్నీ గంటే చెబుతుంది. చావు కబురైతే మరీ తేలిక. మగవాడు పోతే మూడేసి దెబ్బలు, ఆడమనిషి పోతే రెండేసి. ఏ చర్చి గంట మోగితే ఆ చర్చి సమాజంలో మనిషి. పోయినవాళ్ళ కోసం ఆ రోజంతా మధ్యమధ్య మళ్ళీ కొడుతూనే ఉంటారు. ఒక్కటి మాత్రం గంట చెప్పదు. పేరు చెప్పదు. అందుకని చావు గంట వినగానే మా వాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి గుమ్మంలోకి వస్తారు. పొయ్యి మీద పాలు పొంగిపోయినా సరే, "ఎవరు?" అని అడుగుతారు. పక్కింటివాళ్ళకి తెలియకపోతే వాళ్ళు ఆ పక్కింటివాళ్ళని అడుగుతారు. ప్రశ్న అలా వీధి చివరిదాకా వెళ్ళి జవాబు తీసుకుని వెనక్కి వస్తుంది.

నీడియా, ఇదలీనా ఆ గంటలు కొట్టిన బెలర్మీను కూతుళ్ళు. పెద్దదాని అసలు పేరు లియొనీడియా. ఆ పేరుతో ఆమెని పిలిచింది బాప్తిస్మం ఇచ్చిన పాదిరీ ఒక్కడే అనుకుంటాను. తల్లి తొందరగా పోవడంతో ఇద్దరూ సావ్ ఫ్రాన్సిస్కు చర్చి గోపురంలోనే పెరిగారు. తండ్రి పైన తాడు లాగుతుంటే మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేవారు. మనుషుల మాట అటూ ఇటూ అవుతుంది గానీ గంట మాట మారదని బెలర్మీను వాళ్ళకి నూరిపోశాడు. ఇదలీనా నవ్వి ఊరుకునేది. నీడియా నమ్మింది.

ఇదలీనా, నేను ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. పెద్దయ్యాక నేను చర్చి మేళంలో చేరి, నాకంటే ఎత్తుండే పెద్ద ఫిడేలు వాయించడం మొదలుపెట్టాను. అక్కచెల్లెళ్ళిద్దరూ పాడేవాళ్ళలో ఉండేవారు. మా ఇల్లు, వాళ్ళ ఇల్లు ఒకటే గోడ. వాళ్ళు పోట్లాడుకుంటే మా ఇంట్లో గిన్నెలకి వినబడేది.

వెరోనికా సంగతి చెప్పాలి. మా ఊళ్ళో గుడ్ ఫ్రైడే ఊరేగింపులో ఒక ఆడమనిషి నల్లబట్టలు కట్టుకుని, మలుపు మలుపునా పీట ఎక్కి, ఏసుప్రభువు ముఖం అద్దిన గుడ్డని మెల్లగా విప్పుతూ లాటిన్‌లో పాడుతుంది. వాయిద్యం ఉండదు. జనం దగ్గడం కూడా మానేస్తారు. గొంతు ఒక్క పిసరు జారినా ఊరంతా వింటుంది. ఆ వేషం చేతులు మారేటప్పుడు పాత వెరోనికా కొత్త వెరోనికా చేతుల్లో ఆ గుడ్డ పెట్టాలి. అంతకు మించి తంతు లేదు. అలా పెట్టించుకున్నదే వెరోనికా.

నీడియా చాలా ఏళ్ళు పాడింది. అలాంటి గొంతు మళ్ళీ పుట్టదని నేను ఇదలీనా ముందే అనేవాణ్ణి. ఇదలీనా కూడా తల ఊపేది. ఒక ఏడు సరిగ్గా మా వీధి మలుపులోనే, పై స్థాయికి వెళ్ళే చోట నీడియా గొంతు చీలింది. మరుసటి ఏడు మేళం పెద్ద ఇదలీనా పేరు చెప్పాడు. చర్చి వెనక గదిలో మేమంతా చూస్తుండగా ఇదలీనా రెండు చేతులూ చాపింది. నీడియా ఆ చేతుల వంక చూసి గుడ్డని నేల మీద పడేసింది.

"నా గొంతు ఎప్పుడు పోతుందా అని కాచుక్కూచున్నావు కదే. తీసుకో. వంగి తీసుకో."

ఇదలీనా వంగి తీసుకుంది. అలా తీసుకోవడం తప్పని కొందరు, తీసుకోక ఏం చేస్తుందని కొందరు ఏడాది పాటు వాదించుకున్నారు. ఆ చర్చి గడప మళ్ళీ తొక్కనని నీడియా ఒట్టేసి, జుయిజ్ దె ఫోరా వెళ్ళి బట్టల మిల్లులో చేరింది. బస్సులో ఒక పూట ప్రయాణం కూడా లేదు. ఆ కాస్త దూరాన్ని ఇద్దరిలో ఒక్కరూ ఇరవై ఏళ్ళ పైబడి దాటలేదు. మొండితనాన్ని బెలర్మీను ఇద్దరికీ సమానంగానే పంచాడు.

ఇదలీనా ఏటా పాడింది. బాగా పాడింది. ఎప్పుడైనా మా ఇంట్లో ఓ గుక్క చెరకు సారా పడితే, "నాది నేల మీద ఏరుకున్న గుడ్డరా అనక్లెతో, నేను అసలు వెరోనికాని కాను," అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇంక మందులతో పని లేదని డాక్టరు చెప్పాకే అది నవ్వులాట కాదని నాకు తెలిసింది.

"ఒరే, మందులషాపుకెళ్ళి మా అక్కకి ఫోన్ చెయ్యరా," అంది మంచం మీద నుంచి.

"ఏమని చెప్పను?"

"వచ్చి నా చేతుల్లో గుడ్డ పెట్టి పొమ్మను. నా తర్వాత పాడే కొత్త పిల్లకి నేను పెట్టాలంటే ముందు నాకు ఒకళ్ళు పెట్టాలి కదా. తిట్టాలని ఉంటే తిట్టమను. పెట్టాక తిట్టమను."

ఫోన్లో నీడియాకి ఉన్నదున్నట్టు చెప్పాను.

"చేతులు వణుకుతున్నాయా?" అంది.

"ఎవరివి?"

"నీవి కాదులే. దానివి. గుడ్డ పట్టుకోగలదా అని."

"నువ్వు తొందరగా వస్తే పట్టుకుంటుంది."

"శుక్రవారం పొద్దుటి బస్సుకి వస్తానని చెప్పు. బస్టాండుకి ఎవరూ రానక్కర్లేదు. దారి నాకు తెలుసు. మేళతాళాలతో రాకండి, సిగ్గుతో చస్తాను."

ఈ మాట చెబితే ఇదలీనా ముఖం ఎలా వెలిగిందో! ఆ మూడు రోజులూ ఎఫ్రాసియా చేత ఇల్లు కడిగించింది. నీడియాకి ఇష్టమని చీజ్ బన్నులకి పిండి కలిపించింది. గుడ్డని ఉతికించి, ఇస్త్రీ చేయించి, మంచం పక్క కుర్చీ మీద పెట్టించుకుంది.

శుక్రవారం పొద్దున నేను ఆమె దగ్గర కూర్చుని ఉన్నాను. ఊపిరి బాగా కష్టంగా ఉంది. అయినా కబుర్లు ఆపలేదు. ఎఫ్రాసియా వంటింట్లోంచి కాఫీ తెచ్చింది. అప్పుడు సావ్ ఫ్రాన్సిస్కు పెద్ద గంట మోగింది. రెండు. ఆగి, మళ్ళీ రెండు.

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇదలీనాయే ముందు నవ్వింది.

"నేను కాదు. నన్ను అడక్కుండా నా వరసలోకి దూరిందెవరో కనుక్కో ఎఫ్రాసియా."

ఎఫ్రాసియా కిటికీ తెరిచి, "ఎవరు?" అని కేకేసింది. కాసేపటికి ఎదురింటి మంగలి ఫిర్మీను గొంతు వినబడింది. "దోనా పెర్పేతువా! ఈసారి నిజంగానే!"

ఇదలీనా నవ్వింది, దగ్గింది, మళ్ళీ నవ్వింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళలో అంత బలం ఇంకా ఉందని నేననుకోలేదు.

"అనక్లెతో, బస్సొచ్చే వేళ. నీడియా ఆ గంట వింటుంది."

"వింటే ఏం? ఎవరని అడుగుతుంది."

"అడగదు. ఫ్రాన్సిస్కు గంట, రెండు దెబ్బలు, ఇంట్లో నేను మంచాన. అది మా నాన్న కూతుర్రా. గంట విన్నాక ఇంక మనిషిని అడగదు. పరుగెత్తు. నేనింకా ఉన్నానని చెప్పు."

నా మోకాలి నొప్పి సంగతి ఊరందరికీ తెలుసు. అయినా పరుగెత్తాను. ఎగుడుదిగుడు రాళ్ళ వీధిలో, కాఫీ కప్పులు పట్టుకుని గుమ్మాల్లో నిలబడి దోనా పెర్పేతువా మీద జోకులేసుకుంటున్న జనం మధ్య నుంచి, పిచ్చివాడిలా పరుగెత్తాను. "ఏం అనక్లెతో, ఆస్తి నీకేమైనా రాసిందా?" అని ఎవడో అరిచాడు. వాణ్ణి తర్వాత చూసుకుందామనుకున్నాను.

బస్సు ఖాళీగా ఉంది. డ్రైవరు మెట్టు మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్నాడు. మా ఊరివాడు కాదు.

"నెరిసిన జుట్టు, పొడుగ్గా ఉంటుంది, మహారాణిలా నడుస్తుంది. దిగిందా?"

"దిగింది. దిగుతుండగానే గంట మోగింది. ఆవిడ కిందికి ఒక కాలు, పైన ఒక కాలు పెట్టి అలాగే నిలబడిపోయింది. వెనకవాళ్ళు తిట్టారు కూడా. తర్వాత దిగి, తిరుగు బస్సు ఎప్పుడని నన్నడిగింది. సాయంత్రమని చెప్పాను."

"ఇంకేం అడగలేదా?"

"ఏమీ అడగలేదు."

అక్కడి నుంచి నీడియా ఎటు వెళ్ళిందో ఆ తర్వాత ఆమే నాకు చెప్పింది. ముందు ఇంటివైపే నడిచిందట. వంతెన దాకా వచ్చాక కాళ్ళు ఆగిపోయాయట. గుమ్మంలో అందరూ ఉంటారు, ఇన్నేళ్ళకి వచ్చావా, ఇప్పుడొచ్చావా అని చూస్తారు, ఆ చూపుల్ని దాటుకుని శవం దగ్గరికి ఎలా వెళ్ళను అనుకుందట. కాస్త కూర్చుని, ముఖం కడుక్కుని, ధైర్యం తెచ్చుకుని వెళదామనుకుంది. చచ్చిపోయినదానికి తొందరేముంది అనుకుంది. ఈ మాట నాతో చెబుతున్నప్పుడు ఆమె నా ముఖం వంక చూడలేదు.

వంతెన అవతలే సావ్ ఫ్రాన్సిస్కు. వాకిట్లో రియో నుంచి వచ్చిన టూరిస్టు బస్సులు రెండు నిలబడి ఉన్నాయి. తలుపు దగ్గర బల్ల వేసుకుని టికెట్లు ఇచ్చే జెనైదీ మా ఊరికి కోడలిగా వచ్చిన మనిషి, నీడియాని ఎరగదు.

"ఊరివాళ్ళకి టికెట్ లేదమ్మా. మీరు ఈ ఊరేనా?" అని అడిగిందట.

"కాదు. ప్రయాణంలో ఉన్నాను. చూసి పోదామని వచ్చాను."

అలా అంది. ఆ గోపురంలో చిక్కుడుకాయలు ఒలిచిన మనిషి టికెట్ కొనుక్కుని, టూరిస్టుల వెనక నిలబడి, ఆ చర్చిలోకి పరాయి మనిషిలా వెళ్ళింది.

ఆ చర్చిని నేను రోజూ చూస్తాను కాబట్టి చూడను. నీడియా ఆ రోజు చూసింది. నేల నుంచి పైకప్పు దాకా ఖాళీ అన్నది లేకుండా చెక్కిన చెక్క, దాని మీద బంగారం. మెలికలు తిరిగిన స్తంభాలు, వాటిని ఎగబాకే ద్రాక్షతీగలు, తీగల మధ్య బుగ్గలుబ్బిన దేవదూతలు. పైకప్పు మీద మేఘాలు, మేఘాల మీద కన్యమరియ, ఆమె చుట్టూ ఫిడేళ్ళు, బూరలు పట్టుకున్న మరికొందరు దేవదూతలు. అంత సంబరం చూసి ఆమెకి ఒళ్ళు మండిందట. "ఒక్క దేవదూత ముఖంలోనైనా ఏడుపుందా అని వెతికానురా. ఒక్కటీ లేదు. అందరూ పెళ్ళిభోజనానికి వచ్చినట్టున్నారు," అంది.

మూడో వరస బల్ల మీద కూర్చుని వెనక్కి తిరిగి చూసింది. తలుపు మీద, ఎత్తున, పాడేవాళ్ళ అటక. అక్కడ నిలబడి ఆమె ఎన్నో ఏళ్ళు పాడింది. అక్కడి నుంచి ఆమె చూసినవన్నీ జనం నడినెత్తులే. కింద కూర్చుని పైకి చూడటం అదే మొదటిసారి. ఆ అటక కటకటాల దగ్గర ఎడమవైపు తను, తన పక్కనే ఇదలీనా ఉండేవారు. ఇదలీనా ఎప్పుడూ ఆమెకంటే ఒక అడుగు వెనక నిలబడేదట. పొట్టిదని అలా నిలబడుతోందని ఆమె అనుకునేది. గొంతులో గొంతు కలిపేటప్పుడు అక్క గొంతు ముందుకి రావాలని అలా నిలబడేదేమో అని అప్పుడు, ఆ బల్ల మీద తోచిందట. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఏడ్చింది.

గైడు టూరిస్టుల్ని వెంటేసుకుని ఆమె పక్కనే ఆగాడు. అప్పుడే గంట మళ్ళీ మోగింది, రెండేసి. వాళ్ళలో ఒకావిడ, "ఆ గంట ఎందుకు?" అని అడిగింది.

"ఈ సమాజంలో ఒక ఆడమనిషి పోయిందమ్మా."

"అయ్యో. ఎవరు పాపం?"

"బయటికెళ్ళి అడగాలి. గంట పేరు చెప్పదు."

నీడియా ఆ మాట విన్నది. మా ఊరు మొహం అంతకుముందెప్పుడూ చూడని మనిషి, రేపు తన ఊరెళ్ళి మరిచిపోయే మనిషి అడిగింది. బెలర్మీను కూతురు వింటూ కూర్చుంది.

ఈలోగా నేను ఎక్కడెక్కడ తిరిగానో చెప్పుకోవడం దండగ. ఇంటికి వెళ్ళాను, లేదు. ఇదలీనా కళ్ళతోనే అడిగింది, నేను తల అడ్డంగా ఊపి మళ్ళీ బయటపడ్డాను. బెలర్మీను సమాధి దగ్గరికి వెళ్ళాను. కన్యమరియ చిన్న గుడి దగ్గరికి వెళ్ళాను. ఒట్టేసిన మనిషి కదా, ఫ్రాన్సిస్కు మాత్రం నా బుర్రకి తట్టలేదు. చివరికి వంతెన మీద వగరుస్తూ నిలబడినప్పుడు జెనైదీ తన బల్ల దగ్గర నుంచి పిలిచింది.

"అనక్లెతో గారూ, లోపల ఒకావిడ ఎంతసేపటినుంచో ఏడుస్తోందండీ. టూరిస్టే గానీ, మోకరించడం చూస్తే మన మనిషిలా ఉంది."

లోపలికి వెళ్ళాను. వెనక నుంచే గుర్తుపట్టాను. ఆ మెడ అలా నిలబెట్టుకునేవాళ్ళు మా ఊళ్ళో ఇంకెవరున్నారు?

"నీడియా."

తిరగలేదు. "వచ్చావా. ఎలా పోయిందిరా? బాధపడిందా?"

"ఎవరు?"

"ఈ రోజు కూడా వేళాకోళమేనా నీకు?"

"నీడియా, ఆ గంట దోనా పెర్పేతువాకి."

అప్పుడు తిరిగింది. ముఖమంతా తడి. నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"దోనా పెర్పేతువా ఇంకా బతికుందా?"

"ఇవాళ పొద్దుటి దాకా."

"మరి ఇదలీనా?"

"నీ కోసం చూస్తోంది. లే."

లేచింది. సంచి బల్ల మీదే వదిలేసింది. గడప దాటాక ఎత్తుమడమల చెప్పులు విడిచి అక్కడే పడేసి, మేజోళ్ళతో ఆ రాళ్ళ మీద పరుగెత్తింది. అరవై దాటిన మనిషి. నా మోకాలితో నేను వెనకపడ్డాను. "నువ్వు ఆగకు, వెళ్ళు," అని అరిచాను. గుమ్మాల్లో జనం చూస్తున్నారు. ఈసారి ఎవరూ జోకు వెయ్యలేదు.

నేను చేరేసరికి ఎఫ్రాసియా గుమ్మంలో కొంగులా ఆప్రాన్ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అడగక్కర్లేకపోయింది.

"ఇప్పుడేనండీ," అంది నాతో. "మీరు వంతెన దిగుతుంటారు, అంతే."

లోపల నీడియా మంచం పక్కన నిలబడి ఉంది. ఇదలీనా వెల్లకిలా పడుకుని ఉంది. రెండు చేతులూ దుప్పటి మీద, అరచేతులు పైకి, ఖాళీగా.

"చేతులు అలా పెట్టించుకుంది వదినా," అంది ఎఫ్రాసియా. "మా ఆయన రెండోసారి వెతకడానికి వెళ్ళాక. గుడ్డ నీ ఒడిలో పెట్టనా అంటే వద్దంది. అక్క వచ్చి పెట్టేదాకా చేతులు ఖాళీగా ఉండాలంది. ఒకసారి గుమ్మం చప్పుడైతే వచ్చిందనుకుని వేళ్ళు కదిపింది. అది గాలి. తర్వాత ఇంక మాట్లాడలేదు. కానీ నువ్వు పిలవడం విన్నది వదినా, వీధి మలుపు నుంచి పిలిచావు చూడు, అది విన్నది."

"అబద్ధం చెప్పకు ఎఫ్రాసియా," అంది నీడియా మెత్తగా. "నేను పిలవలేదు. నాకు ఊపిరి లేదు."

కుర్చీ మీద నుంచి గుడ్డ తీసుకుంది. ఇస్త్రీ మడతల్ని ఒకసారి వేలితో తడిమింది. వంగి, చెల్లెలి రెండు అరచేతుల్లో పెట్టింది. వెనక్కి జరిగింది. ఆ చేతులు పట్టుకోలేదు. ఒక చెయ్యి కాస్త పక్కకి వాలింది. గుడ్డ జారి మళ్ళీ నేల మీద పడింది.

నా జన్మలో ఆ చప్పుడంత పెద్ద చప్పుడు వినలేదు. గుడ్డకి చప్పుడేమిటంటారా, ఆ గదిలో ఉంటే మీకూ వినబడేది.

నీడియా వంగి తీసుకుంది. నేల శుభ్రంగా ఉన్నా దులిపింది, దులుపుతూనే ఉంది.

"తీసుకోవే," అంది. "తీసుకో తల్లీ. నేనే పెడుతున్నాను. నువ్వు వంగక్కర్లేదు. ఒరేయ్ అనక్లెతో, దాని వేళ్ళు మూయరా. నా చేతులు వణుకుతున్నాయి."

నేను మూశాను. ఒక్కొక్క వేలే. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. నీడియా మోకాళ్ళ మీద కూలబడి, మంచం పట్టెకి నుదురు ఆనించి, గొంతు చీలేలా ఏడ్చింది. "బతికుందిరా. అది బతికి నా కోసం చేతులు చాపుకుని ఉంటే నేనక్కడ కూర్చుని చెక్క బొమ్మల్ని చూశానురా. టికెట్ కొనుక్కుని చూశాను." నేనూ ఏడ్చాను. కావలసినంత ఏడ్చాను.

తర్వాత గంట సంగతి చూడాల్సింది నేనే. గోపురం కింద నిలబడి కొత్తగా వచ్చిన గంటలవాణ్ణి పిలిచాను. వాడు పై నుంచి తొంగి చూసి, "మళ్ళీ రెండేనా?" అన్నాడు. రెండే అన్నాను. వాడి ముఖం మారింది. తాడు పట్టుకున్నాడు.

నేను వీధిలోకి తిరిగేసరికి గంట మొదలైంది. బెలర్మీను కొట్టినంత నెమ్మదిగా కొట్టాడు, వాణ్ణి మెచ్చుకోవాలి. అయితే ఒక్క కిటికీ తెరుచుకోలేదు. గుమ్మాల్లో ఉన్నవాళ్ళు ఉన్నచోటే కబుర్లాడుకుంటున్నారు. దోనా పెర్పేతువాకే మళ్ళీ కొడుతున్నారని అందరూ అనుకున్నారు. "చచ్చాక కూడా ముసల్ది ఊళ్ళో వాళ్ళని నిద్రపోనివ్వదు," అని ఫిర్మీను కత్తి నూరుకుంటూ ఎవరితోనో అంటున్నాడు. ఒక్కరు కూడా ఎవరని అడగలేదు.

నీడియా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చిరిగిన మేజోళ్ళలోంచి కాలివేళ్ళు కనిపిస్తున్నాయి. అటు చూసింది, ఇటు చూసింది. ఎవరైనా అడుగుతారేమోనని చూస్తోందని నాకు అర్థమయ్యేసరికి ఆమె మెట్టు దిగి వీధి మధ్యకి వచ్చేసింది.

"అడగరేం?" అంది.

కబుర్లు ఆగాయి.

"గంట మోగుతోంది కదా. విని ఊరుకుంటారా? అడగండి. ఎవరని అడగండి!"

ఆ గొంతు చీలింది. ఇరవై ఏళ్ళ కిందట చీలిన మలుపులోనే. ఫిర్మీను కత్తి కింద పెట్టి, తలుపు దాటి ఒక అడుగు ముందుకు వేశాడు. తెల్లబోయిన ముఖంతో, మెల్లగా అడిగాడు.

"ఎవరు, నీడియా?"

"ఇదలీనా. నా చెల్లెలు," అంది. "బెలర్మీను కూతురు. వెరోనికా."

వీధిలో ఒక్కొక్క కిటికీ తెరుచుకోవడం మొదలైంది. ఎవరు, ఎవరు అని అవతలివాళ్ళు అడుగుతుంటే ఇవతలివాళ్ళు చెబుతున్నారు. జెనైదీ వంతెన దిగి వస్తూ కనిపించింది. చేతిలో నీడియా సంచి, చెప్పులు ఉన్నాయి. దగ్గరికొచ్చి వాటిని ఇస్తూ, "మీరు ఈ ఊరివాళ్ళు కాదన్నారు కదమ్మా," అంది.

నీడియా చెప్పులు తీసుకుంది గానీ తొడుక్కోలేదు.

"ఈ ఊరే," అంది. "మేమిద్దరం ఈ ఊరివాళ్ళమే."